ఎడమచుట్టు సముద్ర నత్తల శిలాజాలు

నత్తగుల్లను మొన పైకి, నోరు మన వైపుకు ఉండేలా పట్టుకుంటే ఆ నోరు దాదాపు ఎప్పుడూ మన కుడిచేతి వైపే కనిపిస్తుంది. నేడు జీవించి ఉన్న నత్త జాతుల్లో నూటికి తొంభైకి పైగా ఇలాంటి కుడిచుట్టువే. నోరు ఎడమ వైపు తెరుచుకునే వాటిని ఎడమచుట్టు గుల్లలు అంటారు. నేల మీద, మంచినీటిలో ఇలాంటి జాతులు చెప్పుకోదగినన్ని ఉన్నాయి. సముద్రంలో మాత్రం అవి చాలా తక్కువ. అయినా శిలాజాల రూపంలో వాటి చరిత్ర కేంబ్రియన్ యుగం చివరి వరకు, అంటే సుమారు 49 కోట్ల ఏళ్ళ వెనక్కి పోతుంది.

ఆ గుల్లలన్నిటినీ ఒక్క చోట పోగేస్తే అవి ఒకే వంశానికి చెందినవిగా కనిపిస్తాయి. కాని ఎడమచుట్టు వేర్వేరు వంశాల్లో, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాలతో ఏర్పడింది. కొన్నిటిలో జంతువు శరీరమే అద్దంలో బింబంలా తిరగబడి ఉంటుంది. కొన్నిటిలో శరీరం కుడివాటమే, గుల్ల మాత్రం ఎడమగా తోస్తుంది. కొన్ని అసలు నత్తలో కావో కూడా తేలలేదు. కాబట్టి వర్గీకరణలో చుట్టు దిశ మొదటి ప్రశ్న మాత్రమే. జవాబు కోసం గుల్ల మూతనూ, గుడ్డులో ఏర్పడిన తొలి చుట్లనూ, ఒకే పొరలో దొరికిన తోటి గుల్లలనూ చూడాలి.

ఎడమ ఏది, కుడి ఏది

తెలుగు పాఠకుడికి ఈ విషయం దక్షిణావర్త శంఖంతో పరిచయమే. పూజకు వాడే శంఖం శాస్త్రనామం టర్బినెల్లా పైరమ్. మన్నార్ సింధుశాఖలోనూ తమిళనాడు తీరంలోనూ దీన్ని తరతరాలుగా సేకరిస్తున్నారు. మామూలు శంఖం జంతుశాస్త్రం లెక్కలో కుడిచుట్టు. వేలంలో పెద్ద ధర పలికే దక్షిణావర్తం ఎడమచుట్టు. ఈ తేడా పట్టుకునే తీరులో ఉంది. జంతుశాస్త్రజ్ఞుడు గుల్ల మొనను పైకి పెడతాడు. సంప్రదాయంలో ఊదే మొన కిందికి, నీరు జారే కాలువ కొస పైకి ఉంటుంది. గుల్లను అలా తలకిందులు చేస్తే ఎడమ నోరు కుడికి, అంటే దక్షిణానికి వస్తుంది. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1914లో ఈ శంఖం మీద ప్రత్యేక గ్రంథం రాశాడు.

దక్షిణావర్తం వేరే జాతి కాదు. కుడిచుట్టు జాతిలో ఎప్పుడో ఒకటిగా పుట్టే తేడా బిడ్డ. అంగళ్ళలో ఆ పేరుతో అమ్మే గుల్లల్లో చాలా వరకు మన సముద్రానివి కానే కావు. అవి మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే మెరుపు వెల్క్ గుల్లలు. ఆ జాతి మొత్తం పుట్టుకతోనే ఎడమచుట్టు. ఒక జాతిలో అరుదుగా పుట్టిన ఎడమ గుల్ల, జాతి మొత్తం ఎడమగానే ఉండటం, ఈ రెంటినీ వేరు చేయడమే శిలాజాల వర్గీకరణలో కూడా మొదటి మెట్టు.

శిలాజాల విషయంలో ఇంకో చిక్కుంది. గుల్ల కరిగిపోయి రాతిలో బయటి అచ్చు మాత్రమే మిగిలితే, ముద్ర కొట్టిన లక్క మీది అక్షరాల్లా దిశ తిరగబడి కనిపిస్తుంది. అందులో రబ్బరు ద్రావణం పోసి బొమ్మ తీస్తేనే అసలు దిశ తెలుస్తుంది. గుల్ల లోపల మట్టి నిండి గట్టిపడిన లోపలి అచ్చులో ఈ ఇబ్బంది ఉండదు. పాత పుస్తకాల బొమ్మలూ కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తాయి. రాగిరేకు మీద చూసింది చూసినట్టు గీస్తే కాగితం మీద అది తారుమారవుతుంది. 1650లో రెంబ్రాంట్ ఒక పాలరాతి కోను గుల్లను చెక్కినప్పుడు ఇదే జరిగింది. సంతకాన్ని సరిగ్గా పడేలా తిప్పి రాశాడు గాని గుల్లను తిప్పలేదు. అచ్చులో ఆ కుడిచుట్టు గుల్ల ఎడమచుట్టుగా నిలిచిపోయింది.

నాలుగు రకాల ఎడమ

శాస్త్రజ్ఞులు ఎడమచుట్టును నాలుగు సందర్భాలుగా విడదీస్తారు.

మొదటిది దక్షిణావర్తం లాంటి వ్యక్తిగత తేడా. దీనికి కొత్త జాతి పేరు పెట్టరు.

రెండోది నిజమైన ఎడమచుట్టు. ఇందులో గుండె, మొప్ప, విసర్జక ద్వారం సహా శరీరమంతా అద్దంలో బింబంలా తిరగబడి ఉంటుంది. జాతి మొత్తం అలాగే పుడుతుంది.

మూడోది పైకి ఎడమగా కనిపించే కుడి నత్త. దీన్ని హైపర్‌స్ట్రోఫీ అంటారు. నవ్వారు చుట్టను బల్ల మీద పెట్టి నడిమి భాగాన్ని పైకి నెడితే ఒక గోపురం వస్తుంది. అదే చుట్టలో నడిమి భాగాన్ని కిందికి నెట్టి, చుట్టను బోర్లించి చూస్తే గోపురం వస్తుంది గాని చుట్టు దిశ మారినట్టు కనిపిస్తుంది. నవ్వారు మాత్రం మారలేదు. ఆఫ్రికా మంచినీటి నత్త లానిస్టెస్ ఇలాంటిదే. గుల్ల ఎడమ, శరీర నిర్మాణం కుడి. సముద్రపు పైపొరల్లో తేలుతూ బతికే లిమసినా అనే సముద్ర సీతాకోకల గుల్లలదీ ఇదే తీరు.

నాలుగోది బాల్యంలో మాత్రమే కనిపించే ఎడమ. పసిగుల్ల ఎడమగా మొదలై, ఆ తర్వాతి చుట్లు కుడికి తిరుగుతాయి. సన్‌డయల్ గుల్లలు, పిరమిడెల్లా కుటుంబం ఇందుకు ఉదాహరణలు. గుల్ల మొన మీద ఇసుక రేణువంత భాగంలో కనిపించే ఈ మలుపు వర్గీకరణలో ఎంతో విలువైనది. హెటిరోబ్రాంకియా అనే పెద్ద సమూహాన్ని శిలాజాల్లో గుర్తించడానికి ఇదే ముఖ్యమైన ఆనవాలు. కార్బోనిఫెరస్ కాలపు డొనాల్డినా గుల్లల్ని ఆ సమూహపు తొలి బంధువుల్లో చేర్చింది ఈ ఆధారంతోనే.

మాక్లురైటిస్: మూత చెప్పిన సంగతి

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, షాంప్లేన్ సరస్సులో ఐల్ లా మాట్ అనే దీవి ఉంది. అక్కడి నల్ల సున్నపురాయి సుమారు 46 కోట్ల ఏళ్ళ నాటి ఆర్డోవిషియన్ సముద్రపు అడుగు. రాతి మీద తెల్లటి పెద్ద చక్రాల్లా కనిపించేవి మాక్లురైటిస్ మాగ్నస్ గుల్లలు. ఈ రాయిని పలకలుగా కోసి కట్టడాలకు వాడారు. మాంట్‌పీలియర్‌లోని రాష్ట్ర శాసనసభ భవనం నేల మీద నడిచేవారి కాళ్ళ కింద కూడా ఈ కాలపు శిలాజాలున్నాయి. ఐల్ లా మాట్‌లోని ఈ శిలాజాల దిబ్బను 2009లో జాతీయ ప్రకృతి చిహ్నంగా ప్రకటించారు.

ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు షార్ల్ అలెగ్జాండర్ లెస్యూర్ 1818లో ఈ ప్రజాతికి భూవిజ్ఞాని విలియం మాక్లూర్ పేరు పెట్టాడు. గుల్ల ఒక పక్క చదునుగా, ఇంకో పక్క లోతైన గుంటతో ఉంటుంది. చదును పక్కను పైభాగం అనుకుంటే ఇది ఎడమచుట్టు. దాన్ని అడుగు అనుకుంటే కుడిచుట్టు. గుల్ల ఒక్కటే చూసి ఈ తగవు తీర్చడం సాధ్యం కాదు.

తీర్చింది మూత. నత్త లోపలికి ముడుచుకున్నప్పుడు నోటిని మూసే బిళ్ళ అది. మాక్లురైటిస్ మూత మందంగా, సున్నంతో గట్టిపడి ఉండేది. కొన్ని నమూనాల్లో అది గుల్ల నోట్లోనే దొరికింది. కుడివాటం నత్తల్లో మూత మీది సుడి, బయటి నుంచి చూస్తే, గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతుంది. నిజమైన ఎడమ నత్తల్లో ముళ్ళ దిశలోనే తిరుగుతుంది. మాక్లురైటిస్ మూత కుడివాటాన్నే చూపింది. ఆ లెక్కన ఇది ఎడమ వేషం వేసిన కుడి నత్త. స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన జె. బ్రూక్స్ నైట్ 1952లో ప్రాచీన నత్తల మీద ప్రచురించిన అధ్యయనంలో ఈ వాదాన్ని బలపరిచాడు. 1960లో వెలువడిన అకశేరుక శిలాజాల మహాగ్రంథంలోని మొలస్కా సంపుటి, తర్వాతి తరాలకు ప్రమాణమైనది, ఆయన బృందం చేసిన వర్గీకరణ మీదే నిలిచింది.

నత్తలా, కాదా?

అసలు గట్టి చిక్కు ఇంకా పాతకాలపు చిన్న గుల్లలది. విస్కాన్సిన్ కేంబ్రియన్ పొరల నుంచి విట్‌ఫీల్డ్ 1878లో వర్ణించిన స్కేవోజైరా పేరులోనే ఎడమ అనే లాటిన్ మాట ఉంది. స్వీడన్‌లోని గాట్‌లాండ్ దీవి సిలూరియన్ రాళ్ళ నుంచి గుస్తాఫ్ లిండ్‌స్ట్రోమ్ 1884లో ఓనికోకైలస్‌ను వర్ణించాడు. వీటితో పాటు క్లిసోస్పైరా, మైమోస్పైరా లాంటివి కలిపి ఓనికోకైలిడే, క్లిసోస్పిరిడే అనే రెండు కుటుంబాలయ్యాయి. పోలెండ్ శాస్త్రజ్ఞుడు యెజి జిక్ 1983లో మైమోస్పైరా పసిగుల్లను పరిశీలించి, ఈ సమూహానికి మైమోస్పిరినా అనే పేరు పెట్టాడు.

మరుసటి ఏడాదే ఇంకా పెద్ద ప్రతిపాదన వచ్చింది. నత్తలకు తమదైన ఒక లక్షణం టార్షన్. పిండదశలో శరీరం పైభాగం సగం చుట్టు మెలితిరిగి, వెనక ఉండాల్సిన విసర్జక ద్వారం తల పైకి వస్తుంది. ఈ మెలి లేనిదాన్ని నత్త అనలేం. రాబర్ట్ లిన్స్‌లీ, విలియం కియర్ 1984లో ఎడమగా కనిపించే పాలియోజోయిక్ గుల్లల ఆకారాన్ని, వాటిని జంతువు మోసే తీరును విశ్లేషించి, ఆ జీవులకు టార్షన్ జరగలేదని వాదించారు. అందుకని వాటిని నత్తల విభాగం నుంచి తప్పించి పారాగ్యాస్ట్రోపోడా అనే కొత్త విభాగాన్ని ప్రతిపాదించారు. మాక్లురైటిస్ కూడా అందులోకే పోయింది.

ఈ విభాగం ఎక్కువ మంది ఆమోదం పొందలేదు. టార్షన్ మెత్తటి శరీరంలో జరిగే సంగతి, గుల్ల మీద దాని ఆనవాలు నేరుగా కనిపించదు. చుట్టు దిశ పోలిక ఒక్కటే ఆధారంగా దూరపు వంశాలను ఒక విభాగంలో పెట్టడం నిలిచే పద్ధతి కాదు. అయితే లిన్స్‌లీ, కియర్ లేవనెత్తిన ప్రశ్న వృథా పోలేదు. ఫిలిప్ బూషే, జాన్ పియర్ రొక్రువా 2005లో ప్రచురించిన నత్త కుటుంబాల సమగ్ర జాబితాలో ఇలాంటి పాలియోజోయిక్ సమూహాలు కొన్నిటిని స్థానం తేలని మొలస్కులుగానే ఉంచారు. ఉన్న ఆధారాలకు అదే న్యాయమైన తీర్పు.

జురాసిక్ సముద్రంలో సిర్రస్

ఇంగ్లండ్ నైరుతి జిల్లాల్లోని మధ్య జురాసిక్ సున్నపురాళ్ళలో దొరికే సిర్రస్ నోడోసస్ చూడగానే గుర్తుండిపోయే గుల్ల. బుడిపెలతో, గోపురంలా లేచిన చుట్లతో ఉంటుంది. నోరు ఎడమ వైపు. జేమ్స్ సోవర్బీ 1815లో సిర్రస్ ప్రజాతిని నెలకొల్పాడు. దీని పేరు మీదే సిర్రిడే కుటుంబం ఏర్పడింది.

పాలియోజోయిక్ నాటి పోర్సెల్లియా వీటికి బంధువా అన్నది తర్వాతి ప్రశ్న. పోర్సెల్లియా గుల్ల అంచున చీలిక ఉంటుంది, సిర్రస్‌కు లేదు. పెద్దయ్యాక పోర్సెల్లియా దాదాపు ఒకే తలంలో చుట్టుకుంటుంది, సిర్రస్ గోపురం కడుతుంది. పైచూపుకు రెంటికీ పోలిక తక్కువే. జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లౌస్ బాండెల్ 1993లో చీలిక ఉన్నవీ లేనివీ కలిపి సిర్రాయిడియా అనే ఒకే వంశంగా వివరించాడు. చెక్ శాస్త్రజ్ఞుడు యిరీ ఫ్రీడా 1997లో ఈ వంశపు అతి ప్రాచీన ప్రతినిధుల మీద రాశాడు. ఇక్కడ బంధుత్వానికి ఎడమచుట్టు సాక్ష్యంగా పనికొచ్చింది, అయితే తొలి చుట్ల సాక్ష్యం తోడైన తర్వాతే.

వేలి గోరు కన్నా చిన్నవి

నేటి సముద్రపు ఎడమచుట్టు జాతుల్లో అత్యధికం ట్రైఫోరిడే కుటుంబానివి. సన్నటి సూదుల్లాంటి ఈ గుల్లలు చాలా వరకు ఒక సెంటీమీటరు కూడా ఉండవు. స్పంజికలను తిని బతుకుతాయి. ఇయోసీన్ కాలపు పారిస్ బేసిన్ ఇసుక పొరల్లో వీటి శిలాజాలు దొరుకుతాయి.

ఈ కుటుంబంలో జాతుల్ని వేరు చేయడం ఓపిక పరీక్ష. పెద్ద చుట్ల మీది పూసల వరసలు జాతి జాతికీ దగ్గరగా ఉంటాయి. పసిగుల్ల మీది సన్నటి గీతలు చూస్తే గాని తేడా తెలియదు. మొన విరిగిన నమూనాకు పేరు పెట్టడం చాలాసార్లు వీలు కాదు. ఇదే కుటుంబంలో చేర్చిన మెటాక్సియా ప్రజాతి కుడిచుట్టు కావడం విశేషం. ఒక కుటుంబానికి గుర్తుగా చెప్పుకునే లక్షణం కూడా ఆ కుటుంబంలో అందరికీ ఉండాలని లేదు.

ప్లయోసీన్: పేర్ల తగవు

ఇంగ్లండ్ తూర్పు తీరంలో వాల్టన్ ఆన్ ద నేజ్ దగ్గర సముద్రం కోసేస్తున్న కొండచరియ ఉంది. అందులోని తుప్పురంగు ఇసుకను రెడ్ క్రాగ్ అంటారు. వయసు సుమారు 25 లక్షల ఏళ్ళు. అక్కడి నెప్ట్యూనియా వెల్క్ గుల్లల్లో ఎడమచుట్టువి సమృద్ధిగా దొరుకుతాయి. ఇప్పుడు బ్రిటన్ చుట్టూ బతుకుతున్న నెప్ట్యూనియా ఆంటిక్వా మాత్రం కుడిచుట్టు.

రెడ్ క్రాగ్ గుల్లలకు చాలాకాలం నెప్ట్యూనియా కాంట్రారియా అనే పేరు చెల్లింది. అది లిన్నేయస్ 1771లో పెట్టిన పేరు, స్పెయిన్, పోర్చుగల్ వైపు నేటికీ బతికి ఉన్న ఎడమ జాతిది. రెండూ ఎడమవే కాబట్టి ఒకటే అనుకున్నారు. గుల్ల ఆకారాన్ని వివరంగా పోల్చాక శిలాజాన్ని నెప్ట్యూనియా ఆంగులాటా అని విడదీశారు. ఈ ప్రజాతి పుట్టిల్లు పసిఫిక్ ఉత్తర భాగం. బేరింగ్ జలసంధి తెరుచుకున్నాక ఆర్కిటిక్ మీదుగా అట్లాంటిక్‌కు చేరింది.

అట్లాంటిక్ అవతలి ఒడ్డున ఇలాంటి కథే ఇంకొకటి ఉంది. తిమోతీ కాన్రాడ్ 1840లో అమెరికా ఆగ్నేయ తీరపు శిలాజాల్లో ఒక ఎడమ వెల్క్‌కు కాంట్రేరియం అనీ, ఒక ఎడమ కోను నత్తకు కోనస్ అడ్వర్సేరియస్ అనీ పేర్లు పెట్టాడు. రెండు పేర్లకూ ఎదురు తిరిగినది అనే భావం. శిలాజానికి పెట్టిన కాంట్రేరియం పేరును జీవించి ఉన్న మెరుపు వెల్క్‌కు కూడా చాలామంది వాడారు. ఎస్. సి. హాలిస్టర్ 1958లో శిలాజాన్నీ జీవజాతినీ విడదీసి, ఎడమ వెల్క్‌లన్నిటికీ సినిస్ట్రోఫల్గర్ అనే ఉపప్రజాతిని ఏర్పరిచాడు. 2004లో ప్రచురితమైన జన్యు పరిశోధన జీవించి ఉన్న ఎడమ వెల్క్‌లను పలు జాతులుగా చీల్చడాన్ని సమర్థించలేదు. దాంతో లిన్నేయస్ 1758లో పెట్టిన పెర్వర్సమ్ పేరుకే మళ్ళీ ప్రాధాన్యం వచ్చింది. ఈ గుల్ల 1987 నుంచి టెక్సస్ రాష్ట్ర అధికారిక గుల్ల.

ఎడమ కోను నత్తల కోసం కాంట్రాకోనస్ అనే పేరు కూడా ఉంది. ఆ వంశం ప్లీస్టోసీన్ దాటి రాలేదు. నేటి కోను నత్తలు వందల జాతులున్నా అవన్నీ కుడిచుట్టువే.

ఎందుకింత అరుదు

చుట్టు దిశ గుడ్డు విభజన తొలి దశలోనే ఖాయమవుతుంది. దాన్ని నిర్ణయించేది పిల్ల జన్యువులు కావు, తల్లి జన్యువులు. చెరువు నత్తల పెంపకపు లెక్కల నుంచి ఆల్ఫ్రెడ్ స్టర్టెవాంట్ 1923లో ఈ సూత్రాన్ని బయటపెట్టాడు. ఫార్మిన్ అనే ప్రొటీన్‌కు చెందిన జన్యువు ఇందులో కీలకమని 2016లో తెలిసింది. 2019లో జపాన్ శాస్త్రజ్ఞులు చెరువు నత్తలో ఆ జన్యువును తొలగించి ఎడమ సంతానాన్ని పుట్టించారు.

ఎడమ నత్తకు అసలు కష్టం జత కుదరడం. కుడి నత్తల మధ్య ఒంటరిగా పుట్టిన ఎడమ నత్త శరీరం వాటితో సరిపడదు. పిల్లలు నెలల తరబడి నీటిలో కొట్టుకుపోయే జాతుల్లో ఎడమవి చెదిరిపోతాయి. మెరుపు వెల్క్ పిల్లలకు ఆ తేలే దశ లేదు, గుడ్ల తొడుగుల్లోంచి నేరుగా పాకుతూ బయటికి వస్తాయి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒకే చోట పెరిగే ఇలాంటి జాతుల్లోనే ఎడమచుట్టు వేళ్ళూనుకునే అవకాశం ఎక్కువ.

ఒకసారి నిలదొక్కుకున్నాక లాభం కూడా ఉంది. కలాప్పా పీతల కుడి డెక్కకు ప్రత్యేకమైన పన్ను ఉంటుంది. దానితో కుడిచుట్టు గుల్ల అంచును డబ్బా మూత కోసినట్టు కోస్తాయి. ఎడమ గుల్ల ఆ పనిముట్టుకు ఒదగదు. గ్రెగరీ డైట్ల్, జోనాథన్ హెండ్రిక్స్ 2006లో అమెరికా ప్లయోసీన్, ప్లీస్టోసీన్ గుల్లల మీది మానిన గాయాలను పోల్చారు. ఎడమ జాతుల మీద పీతల మచ్చలు తక్కువగా కనిపించాయి.

దక్కనులో ఒక పోలిక

తెలుగు నేలలోనూ ఎడమచుట్టు శిలాజాలున్నాయి, అయితే అవి సముద్రానివి కావు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం దక్కనులో లావా పొరలు పరుచుకుంటున్నప్పుడు, ఒక ప్రవాహానికీ ఇంకో ప్రవాహానికీ మధ్య చెరువులు ఏర్పడ్డాయి. ఆ మట్టిలో మిగిలిన ప్రసిద్ధ గుల్ల ఫైసా ప్రిన్సెపీ. హైదరాబాద్, నాగపూర్ల మధ్య తిరిగిన మాల్కమ్‌సన్ సేకరణ నుంచి 1840లో దీన్ని జేమ్స్ సోవర్బీ కొడుకు వర్ణించాడు. ఫైసా కుటుంబం నిజమైన ఎడమచుట్టు మంచినీటి నత్తలది. కొందరు ఇదే గుల్లను బులినస్ అని ఇంకో కుటుంబంలో పెట్టారు. ఆ కుటుంబపు బులినస్ కూడా ఎడమచుట్టే కాబట్టి, దిశ ఈ తగవును తీర్చలేదు.

రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, పంగిడి ప్రాంతాల్లో లావా పొరలతో పాటు సముద్రపు, ఉప్పుటేటి గుల్లలు దొరుకుతాయి. అక్కడి టర్రిటెల్లాలు పొడుగాటి కుడిచుట్టు గుల్లలు. నాగపూరులో ఉండి పరిశోధించిన స్టీఫెన్ హిస్లాప్ 1860లో రెండు ప్రాంతాల శిలాజాల మీదా రాశాడు. ఈ పొరల్లో ఎడమ నోటి గుల్లల గుంపు కనబడితే, అది మంచినీటి మడుగు కావచ్చని భూవిజ్ఞానికి తొలి సూచన అందుతుంది.

రాతిగనుల్లోకి వెళ్ళే విద్యార్థులూ అధ్యాపకులూ ఇలాంటి గుల్ల కంటపడితే, మొనను గట్టిగా తోమకుండా, పక్కన మూత పడి ఉందేమో వెతికి, ఏ పొరలో దొరికిందో రాసి పెట్టాలి. ఒక్క గుల్లతో సరిపెట్టకుండా అదే పొర నుంచి వీలైనన్ని తీయాలి. మొన పైకి పెట్టి తీసిన ఫోటోలో కుడిఎడమలు ముద్రణప్పుడు తారుమారు కాకుండా చూసుకోవాలి.